పెరిగిన పసిగుండెలు

ద్రాక్షారామం భీమేశ్వరుడికి అభిషేకం చేయాలంటే మేడ మీదికి వెళ్లాలి. లింగం అంత ఎత్తు మరి. కింద దణ్ణం పెట్టుకున్నవాళ్లు మెట్లెక్కి పై అంతస్తులో స్వామి శిరోభాగాన్ని చూస్తారు. కార్తిక సోమవారం నాడు ఆ మెట్ల దగ్గర కాసేపు నిలబడితే ఊళ్ల ఆరోగ్యం కొంత తెలిసిపోతుంది. డెబ్బయ్యేళ్ల మామ్మగారు మోకాలు పట్టుకుని ఆగడంలో వింత లేదు. ముప్పయ్యేళ్ల కోడలుపిల్ల సగం మెట్ల మీద గోడకి చెయ్యానించి, నోటితో గాలి పీల్చుకుంటూ "మీరు పదండి అత్తయ్యా, వస్తున్నా" అంటే మాత్రం ఆలోచించాలి. ఇంట్లోవాళ్లు రక్తం తక్కువంటారు. ఆర్‌ఎంపీ గారు బలానికి సెలైన్ పెడతారు. మరొకరు ఉబ్బసమని పీల్చే మందు రాస్తారు. కడుపుతో ఉన్నప్పుడు డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి, ఎందుకైనా మంచిదని ఎకో తీయించమంటే అప్పుడు బయటపడుతుంది, పుట్టినప్పటి నుంచీ గుండె పై గదుల మధ్య గోడకు చిల్లు ఉందని.

ఇన్నేళ్లు ఎలా తెలియలేదంటే, ఆ చిల్లు అంత తొందరగా బయటపడదు. ఎడమ గదిలోని మంచి రక్తం కొంత కుడి గదిలోకి జారి మళ్లీ ఊపిరితిత్తులకే పోతుంటుంది. వయసులో ఉన్న గుండె ఆ అదనపు చాకిరీని ఓర్చుకుంటుంది. ముప్పై, నలభై దాటాక కుడి భాగం ఉబ్బి, ఆయాసం, దడ మొదలవుతాయి. ఇలాంటి చిల్లుల్లో చాలావాటిని ఇప్పుడు ఛాతీ కోయకుండా, తొడ దగ్గరి సిర గుండా చిన్న పరికరం పంపి మూసేస్తున్నారు. కింది గదుల మధ్య పెద్ద చిల్లు అలా కాదు. దాన్ని చిన్నతనంలో మూయకపోతే ఊపిరితిత్తుల్లో పీడనం పెరిగి, రక్తనాళాలు గట్టిపడి, చివరికి రక్తం ఎదురు తిరుగుతుంది. పెదాలు, గోళ్లు నీలమవుతాయి. ఆ దశలో చిల్లు మూస్తే ప్రాణానికే ముప్పు. ఆపరేషన్ చేయమని బతిమాలే కుటుంబానికి ఆ మాట చెప్పడం కంటే కష్టమైన పని డాక్టరుకు మరొకటి ఉండదేమో.

గుండెలో చిల్లు అనగానే మనకు పసిబిడ్డలే గుర్తొస్తారు. కానీ 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ తాను తయారుచేసిన హార్ట్‌-లంగ్ మెషీన్‌తో తొలిసారి విజయవంతంగా ఆపరేషన్ చేసింది పద్ధెనిమిదేళ్ల అమ్మాయికి. ఆమెదీ పై గదుల మధ్య చిల్లే. 26 నిమిషాల పాటు గుండె పనీ, ఊపిరి పనీ ఆ యంత్రమే చేసింది. ఆ తర్వాత ఆమె దశాబ్దాల పాటు బతికారు.

ఇక మన సంగతి. 2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ మరుసటి ఏడాదికి ఉమ్మడి రాష్ట్రమంతా విస్తరించింది. అంతకుముందే పన్నెండేళ్లలోపు పిల్లల గుండె ఆపరేషన్లకు ప్రభుత్వం సాయం అందించేది. ఏ పార్టీ వారైనా ఒప్పుకోవాల్సిన మంచి పని అది. కౌలు రైతుల పిల్లలు, కొబ్బరి దింపు కార్మికుల పిల్లలు హైదరాబాద్ వెళ్లి గుండె బాగుచేయించుకుని తిరిగొచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. అప్పటి పిల్లలకు ఇప్పుడు పాతిక, ముప్పై ఏళ్లు. వాళ్లెక్కడున్నారు?

చాలామంది దాక్కున్నారు. ముఖ్యంగా ఆడపిల్లలు. రొమ్ము ఎముక మీదుగా నిలువునా దిగిన కుట్ల గీత కనబడకుండా జాకెట్టు మెడ దాకా కుట్టించుకుంటారు. సంబంధం చెడుతుందేమోనని తల్లి ఆస్పత్రి ఫైలును ట్రంకుపెట్టె అడుగున, పాత పట్టుచీరల కింద పెట్టేస్తుంది. అత్తవారికి చెప్పరు. పురిటికి వెళ్లిన చోట డాక్టరుకూ చెప్పరు. గర్భిణి గుండె మామూలు కంటే ఇంచుమించు సగం ఎక్కువ రక్తాన్ని తోడాలి. అలాంటప్పుడు దాచిపెట్టడం ఎంత ప్రమాదమో ఆ తల్లికి ఎవరూ చెప్పి ఉండరు. ఆమెను తప్పుపట్టే ముందు, పెళ్లిచూపుల్లో మనం అడిగే ప్రశ్నలను తప్పుపట్టాలి.

"ఆపరేషన్ అయిపోయింది కదా" అన్న ధీమా మరొకటి. చిన్న చిల్లు సకాలంలో మూస్తే ఆ ధీమా చాలావరకు చెల్లుతుంది. నీలిబిడ్డగా పుట్టి, పెద్ద ఆపరేషన్‌తో బయటపడినవారికి చెల్లదు. ఊపిరితిత్తులకు వెళ్లే దారిలో కవాటం ఏళ్ల తరబడి లీకవుతుంది. గుండె లయ తప్పవచ్చు. పాతికేళ్లకో ముప్పయ్యేళ్లకో కొత్త కవాటం వేయాల్సి రావచ్చు. రెండోసారి ఛాతీ తెరిచినప్పుడు గుండె ఎముకకు అతుక్కుని ఉండవచ్చు. మొదటిసారి ఎక్కడ ఏం కుట్టారో సర్జన్‌కు తెలియాలి. ట్రంకుపెట్టెలోని కాగితాల విలువ ఆ పూట తెలుస్తుంది.

కెనడాలోని క్విబెక్‌లో 2010 నాటికే పుట్టుకతో గుండె లోపం ఉన్నవారిలో మూడింట రెండొంతుల మంది పెద్దవాళ్లు. లండన్‌లో జేన్ సోమర్విల్ వంటి వైద్యులు యాభై ఏళ్ల కిందటే ఇలాంటివారికి ప్రత్యేక వైద్యం ఉండాలని పట్టుబట్టారు. మన దగ్గర 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పద్ధెనిమిదేళ్ల వరకే చూస్తుంది. 2021లో తిరుపతిలో తితిదే తెరిచిన పద్మావతి హృదయాలయం కూడా చిన్నపిల్లల పేరు మీదే వెలిసింది. ఇవి కావలసినవే, ఇంకా కావాలి. పద్ధెనిమిది దాటిన మర్నాడు ఆ మనిషి ఎవరి లెక్కలోకి వస్తాడన్నదే తేలడం లేదు.

ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు. ఆరోగ్యశ్రీ అనుమతులు మొదటి నుంచీ కంప్యూటర్ మీదే నడిచాయి. ఆ పాత జాబితాలు తీసి, ఏఎన్‌ఎం చేత ఇంటింటికీ కబురు పంపవచ్చు. ద్రాక్షారామం నుంచి కాకినాడ బస్సులో గంట ప్రయాణం. అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో వారానికో పూట వీరికోసం కేటాయిస్తే, చాలామందికి హైదరాబాద్ ఖర్చు తప్పుతుంది. ఆడవాళ్లకు పేరు బయటపడకుండా చూసే ఏర్పాటు తప్పనిసరి.

ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కర్లేదు. చిన్నప్పుడు గుండె ఆపరేషన్ అయినవారు మీ ఇంట్లో ఉంటే, ఈ వారమే ఆ ఫైలు బయటికి తీసి ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. చివరి ఎకో ఎప్పుడు తీశారో చూడండి. ఏళ్లు గడిచి ఉంటే గుండె డాక్టరు దగ్గరికి వెళ్లి రండి.