ఇక్కడేనా? పార్సెలా?

"స్పీసె హేర్, ఎల్లెర్ తా మె?"

నార్వేలోని బెర్గెన్‌లో ఏ కౌంటర్ దగ్గర నిలబడినా ముందు వినిపించే ప్రశ్న ఇదే. ఇక్కడే తింటారా, పట్టుకెళ్తారా అని. వాళ్ల భాషలో నేను నేర్చుకున్న మొదటి వాక్యం కూడా ఇదే. ఎందుకంటే దీనికి జవాబు చూసి చెప్పకపోతే జేబుకి చిల్లే.

నవ్వకండి, నిజంగానే. నార్వేలో కూర్చుని తింటే వ్యాట్ 25 శాతం. అదే తిండి కట్టించుకుని బయటికి పోతే 15 శాతం. అందుకే చాలా కాఫీ షాపుల్లో, బేకరీల్లో ఒకే బన్నుకి రెండు రేట్లు కనిపిస్తాయి. పన్ను కలపకముందు 100 క్రోనర్లు ఉన్న ప్లేటు కుర్చీలో కూర్చుంటే 125, పార్సెల్ అయితే 115. మన దగ్గర మామూలు హోటల్లో కూర్చున్నా, పార్సెల్ కట్టించుకున్నా జీఎస్టీ ఒకటే, 5 శాతం. అక్కడ కుర్చీకి కూడా రేటు ఉందన్నమాట.

ప్రాజెక్టు పని మీద ఆరు నెలలు ఆ ఊళ్లో ఉన్నా. మొదటి రెండు నెలలు నా జవాబు ఒక్కటే. "తా మె." పార్సెల్.

ఆన్‌సైట్ వెళ్లినవాళ్లకి ఈ రోగం తెలిసే ఉంటుంది. కంపెనీ రోజుకి ఇంత అని పర్ డియం ఇస్తుంది. అది తిండికి ఇచ్చిన డబ్బు. కానీ మన దృష్టిలో అది మిగుల్చుకోవడానికి ఇచ్చిన డబ్బు. నాకైతే చెల్లి పెళ్లికి తీసుకున్న లోను ఇంకా నడుస్తోంది. కాబట్టి మెనూ చేతిలోకి రాగానే బుర్రలో ఎనిమిదో ఎక్కం మొదలయ్యేది. అప్పట్లో ఒక క్రోనర్ అంటే సుమారు 8 రూపాయలు. చేపల సూపు 230 అంటే 1840. బర్గర్ 250 అంటే రెండు వేలు. అర లీటరు బీరు 120 అంటే వెయ్యికి నలభై తక్కువ. ఈ ఎక్కం మొదలయ్యాక ఇక ఆకలి ఉండదు, భయమే.

బెర్గెన్ చుట్టూ ఏడు కొండలు ఉన్నాయని అక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఏడుకొండలు అనగానే మనకి లడ్డూ గుర్తొస్తుంది. వాళ్లకి వాన గుర్తొస్తుంది. సముద్రం మీద నుంచి వచ్చే మబ్బులు ఆ కొండలకి తగిలి ఊరి మీదే కురిసిపోతాయి. ఏడాదిలో 200 రోజులకు పైగా వాన పడే ఊరు అది. అలాంటి ఊళ్లో పార్సెల్ తీసుకున్నవాడు ఎక్కడ తింటాడు? రేవు పక్కన చెక్క ఇళ్ల చూరు కింద నిలబడి, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో డబ్బా పట్టుకుని తింటాడు. పది క్రోనర్లు మిగిలాయని సంతోషిస్తాడు. అది నేనే.

ఆ చెక్క ఇళ్ల వరుస పేరు బ్రిగ్గెన్. ఎరుపు, పసుపు, తెలుపు రంగుల్లో, ఇన్‌స్టాలో బెర్గెన్ అని కొడితే ముందు వచ్చే ఫొటో అదే. 1979 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. 14వ శతాబ్దం నుంచి దాదాపు నాలుగు వందల ఏళ్లు అక్కడ జర్మన్ వర్తకులు ఉండేవారు. ఉత్తరాన పట్టి ఎండబెట్టిన కాడ్ చేపని కొని యూరప్ అంతా అమ్మేవారు. అంతా చెక్క, ఇళ్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. అందుకని ఆ ఇళ్లలో నిప్పు రాజేయడం నిషేధం. చలికాలంలో కూడా పొయ్యి లేదు, దీపం లేదు. (ఇంత జాగ్రత్తపడినా 1702లో మొత్తం కాలిపోయింది. ఇప్పుడు మనం చూసేది ఆ తర్వాత కట్టినవాటినే.)

మరి తిండి? దానికి వెనకాల విడిగా కొన్ని గదులు కట్టుకున్నారు. వాటిని షోట్‌స్టూయెన అంటారు. ఇప్పుడు మ్యూజియం. వంట అక్కడే, వెచ్చదనం అక్కడే. దొరల నుంచి పనికుర్రాళ్ల దాకా అందరూ అక్కడికి వచ్చి బల్లల ముందు కూర్చుని తినాల్సిందే. అంటే ఆ ఊళ్లో గది దాటి వచ్చి నలుగురితో కలిసి తినడం సరదా కోసం మొదలవ్వలేదు. గదిలో ఒంటరిగా ఉంటే తిండీ లేదు, వెచ్చదనమూ లేదు.

చూరు కింద డబ్బా పట్టుకుని నిలబడ్డ నాకు ఆ విషయం అప్పటికి తెలీదు.

ఇక అసలు సంగతి. మా టీమ్‌లో ఆరుగురం. వెళ్లిన మొదటి వారంలోనే, "శుక్రవారం బయట తింటున్నాం, వస్తావా?" అని అడిగారు. "లేదండీ, ఇంట్లో అన్నం వండేశా" అన్నా. రెండో వారం అడిగారు. "కొంచెం పనుంది" అన్నా. మూడోసారి ఇంకేదో సాకు చెప్పా. నాలుగో వారం ఎవరూ అడగలేదు.

నాకు మనసు చివుక్కుమంది. ఇంకోసారి అడగొచ్చు కదా! మన ఇళ్లలో ఎవరైనా భోజనానికి ఉండమంటే మొదటిసారి వద్దంటాం. రెండోసారీ వద్దంటాం. మూడోసారి చెయ్యి పట్టుకుని కూర్చోబెడితే అప్పుడు కూర్చుంటాం. మన 'వద్దు'లో సగం మొహమాటం. ఎదుటివాళ్లకీ ఆ సంగతి తెలుసు. అక్కడ అలా కాదు. వద్దంటే వద్దనే. మళ్లీ మళ్లీ అడిగితే ఇబ్బంది పెట్టినట్టు అనుకుంటారు. నన్ను గౌరవించే వాళ్లు అడగడం మానేశారు. నేనేమో వెలివేశారని అనుకుంటూ నెల రోజులు గదిలో పప్పు, అన్నం, ఓటీటీతో గడిపా. అమ్మ ఫోన్ చేసి "ఏం తిన్నావురా? ఫ్రెండ్సు దొరికారా?" అంటే "ఆ, అందరూ మంచోళ్లే" అని చెప్పేవాణ్ణి. అందులో అబద్ధం లేదు. మొత్తం నిజమూ లేదు.

మా టీమ్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. మా బాబాయి వయసు ఉంటుంది. అక్కడ అందరూ అందర్నీ పేరు పెట్టే పిలుస్తారు. ఆయన్ని అలా పిలవడం అలవాటవడానికి నాకు నెల పట్టింది. ఒక గురువారం, ఉదయం పదకొండింటికి (అవును, వాళ్ల లంచ్ టైమ్ అదే) ఇంటి నుంచి తెచ్చుకున్న బ్రెడ్డు, చీజు పొట్లం విప్పుకుంటున్నారు. మాట్‌పక్కె అంటారు దాన్ని. మన టిఫిన్ బాక్సే, కాకపోతే కాగితంలో చుట్టింది. తింటూ పక్కాయనతో, "ఇవాళ గురువారం, రాస్పెబాల్‌కి వెళ్దామా?" అన్నారు.

నాకెక్కడి నుంచి ధైర్యం వచ్చిందో తెలీదు. "నేనూ రావచ్చా?" అన్నా.

ఆయన ఆశ్చర్యంగా చూశారు. "తప్పకుండా. నీకు బయట తినడం ఇష్టం లేదనుకున్నాం."

అంతే. రెండు నెలల బాధ ఒక్క వాక్యంలో తేలిపోయింది.

సాయంత్రం నాలుగున్నరకే వెళ్లాం. వాళ్లకి రాత్రి భోజనం అంటే అదే టైమ్. ఎనిమిదింటికి తీరిగ్గా వెళ్దామనుకుంటే చాలాచోట్ల వంటింట్లో స్టవ్ ఆర్పే వేళ దగ్గర పడుతుంది. రాస్పెబాల్ అంటే పచ్చి బంగాళాదుంప తురిమి, పిండి కలిపి, ఉండ చేసి నీళ్లలో ఉడికించేది. పడమటి నార్వేలో గురువారం అంటే అదే. ప్లేటులో బూడిద రంగులో, టెన్నిస్ బంతి అంత ఉండలు రెండు. పక్కన ఉప్పులో ఊరబెట్టిన గొర్రె మాంసం, సాసేజ్, ముల్లంగికి చుట్టంలా ఉండే దుంపని మెత్తగా మెదిపిన ముద్ద, పైన కరిగిన కొవ్వు. కారం అనే మాటే లేదు. మొదటి ముద్దకి "ఇదేంటి, ఉప్పు వేసిన కుడుము!" అనుకున్నా. నాలుగో ముద్దకి బయట వాన పడుతోంది, లోపల కడుపు వెచ్చగా ఉంది. అప్పుడు అర్థమైంది, ఇది ఆ వాతావరణం కోసమే పుట్టిన తిండి.

బిల్లు వచ్చింది. మనం ఊరుకుంటామా? సర్వర్ కార్డు మెషీన్ తేగానే లేచి, "నేను కడతా, నేను కడతా" అని నా కార్డు పెట్టబోయా. మన దగ్గరైతే ఇక్కడో చిన్న కుస్తీ జరగాలి. ఒకరి చెయ్యి ఒకరు తోసుకోవాలి. అక్కడ బల్ల చుట్టూ నిశ్శబ్దం.

పెద్దాయన మెల్లగా అన్నారు. "వద్దు. ఇవాళ నువ్వు కడితే వచ్చే వారం నేను కట్టాలి. ఆరుగురికి కట్టాలంటే నేను రాలేను. నేను నెలకి రెండుసార్లే బయట తింటా, నా లెక్క అంతే."

నేను కదలకుండా కూర్చున్నా. ఎనిమిదో ఎక్కం నా ఒక్కడికే ఉందనుకున్నా. నార్వే జీతం తీసుకునే ఆయనకీ ఒక లెక్క ఉంది. రోజూ బ్రెడ్డు పొట్లం తెచ్చుకునేది అందుకే. కాకపోతే ఆయన ఆ సంగతి అందరి ముందూ సిగ్గుపడకుండా చెప్పగలరు. నేను "అన్నం వండేశా" అని చెప్పా.

సర్వర్ అమ్మాయి విసుగు లేకుండా ఆరు బిల్లులు విడగొట్టింది. అక్కడ "కలిపా, విడిగానా?" అని వాళ్లే అడుగుతారు. లేదా ఒకరు కట్టేసి మిగతావాళ్లు ఫోన్లో పంపిస్తారు. మనకి యూపీఐ ఉన్నట్టు వాళ్లకి 2015లో వచ్చిన విప్స్ యాప్ ఉంది. 'గూగుల్ పే చెయ్' అన్నట్టే అక్కడ 'విప్స్ చెయ్' అంటారు. అక్కడి బ్యాంకు ఖాతా, అక్కడి ఐడీ నంబరు ఉంటేనే అది పనిచేస్తుంది కాబట్టి నాకు కార్డే గతి.

టిప్ ఎంత ఇవ్వాలని అడిగా. ఇవ్వాలనిపిస్తే ఇవ్వు, లేదంటే లేదు అన్నారు. నార్వేలో అందరికీ వర్తించే ఒకే కనీస వేతన చట్టం లేదు. కానీ 2018 నుంచి హోటళ్లు, రెస్టారెంట్లలో పనిచేసేవాళ్లకి గంటకి ఇంత తగ్గకూడదని తప్పనిసరి చేశారు. ఆ అమ్మాయి జీతం నా దయ మీద లేదు, నా బిల్లులోనే ఉంది. సూపు 230 ఎందుకో కొంత అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఎక్కం చదవడం పూర్తిగా మానలేదు గానీ, చదివినప్పుడు అంత కోపం రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బిల్లు గురించి కాదు. ఇంజినీరింగ్ నాటి మా హాస్టల్ గుర్తొచ్చింది. మా గ్యాంగ్‌లో వంతులుండేవి. ఈ శనివారం బిరియానీ ఒకడిది, వచ్చే శనివారం ఇంకొకడిది. వేరు వేరుగా కట్టుకోవడం అంటే నామోషీ. "మనలో మనకి లెక్కలేంట్రా" అనేది మా గొప్ప డైలాగ్. మాలో ఒకడు మాత్రం శనివారం వచ్చేవాడు కాదు. వాడికి శనివారం ఉపవాసం. వెంకన్న భక్తుడని మేం ఏడిపించేవాళ్లం. ఆదివారం మారిస్తే ఆదివారం తలనొప్పి. నాలుగేళ్లలో వాడు మాతో కూర్చుని బిరియానీ తిన్నది బహుశా రెండుసార్లు.

వాడికి ఉపవాసం కాదు. వాడి వంతు వస్తే ఐదుగురికి కట్టే డబ్బు లేదు. తన ఒక్కడి ప్లేటుకి ఉండేదేమో. మేం లెక్కలు వద్దన్నాం కాబట్టి వాడు బల్ల దగ్గరికే రాలేకపోయాడు. ఈ ముక్క అర్థం కావడానికి నాకు పదేళ్లు, ఏడు కొండలు, ఒక బూడిద రంగు ఉండ కావాల్సి వచ్చాయి.

ఎవరి బిల్లు వాళ్లు కట్టుకోవడమే గొప్ప, మనది తప్పు అని నేను చెప్పట్లేదు. పరాయి ఊళ్లో నాకు జ్వరం వస్తే, బిల్లు లాక్కునే ఫ్రెండే కావాలి. కానీ 'నేను కడతా' అన్న మాటలో ప్రేమతో పాటు ఒక బరువు కూడా ఉంటుంది. అది మోయలేనివాడు చెప్పడు, రావడం మానేస్తాడు.

మిగిలిన నాలుగు నెలలు నేనూ ఒక లెక్క పెట్టుకున్నా. నెలకి మూడుసార్లు బల్ల దగ్గర కూర్చుని భోజనం, బీరు బదులు కుళాయి నీళ్లు. వాళ్ల కుళాయి నీళ్లు బాగుంటాయి, అడిగితే చాలాచోట్ల ఊరికే ఇస్తారు. మిగతా రోజుల్లో ట్రెక్రూనెరెన్ అనే సాసేజ్ బండి దగ్గర రెయిన్‌డీర్ సాసేజ్, పైన లింగన్‌బెర్రీ జామ్. అక్కడ కుర్చీలే లేవు కాబట్టి గొడవే లేదు. మధ్యాహ్నం ఆకలేస్తే దాల్చినచెక్క వేసిన షిలింగ్స్‌బొల్లె బన్ను. ఒకసారి బెర్గెన్ చేపల సూపు కూడా తిన్నా. తెల్లగా, మీగడతో, కాస్త తీపి, కాస్త పులుపు. మన చేపల పులుసుకి దూరపు చుట్టం. కారం దగ్గర రెండు కుటుంబాలకీ మాటల్లేవు, అంతే.

వచ్చే ముందు వారం కౌంటర్ దగ్గర అమ్మాయి మళ్లీ అడిగింది. "స్పీసె హేర్, ఎల్లెర్ తా మె?"

"హేర్" అన్నా. ఇక్కడే.

ఇండియాకి వచ్చాక మొదటి శనివారం మా ఉపవాసం గాడికి మెసేజ్ పెట్టా. "బిరియానీకి వస్తావా? ఎవడిది వాడే కట్టుకుందాం."

చాలాసేపు టైపింగ్ అని చూపించింది. చివరికి వచ్చింది.

"ఎన్నింటికి?"