అంబాసిడరుకు కొత్త ఇంజనా? ముందు బ్రేకుల సంగతి చూడండి

మా నాన్నగారి 1978 నాటి అంబాసిడరు మూడేళ్ళుగా పెరట్లో వేపచెట్టు కింద నిలబడి ఉంది. కదిలించి చూస్తే నీలిపొగ; పెట్రోలు తాగినంత ధారాళంగా ఇంజనాయిలూ తాగుతుంది. మొన్న సంక్రాంతికి వచ్చిన మా తమ్ముడు బూరె నములుతూ తీర్పు చెప్పేశాడు: "అన్నయ్యా, ఈ ముసలి ఇంజను పీకించి కొత్తరకం ఇంజను పెట్టిద్దాం. ఆటోనగర్లో అరవై వేలకి ఇస్తానన్నారు."

అరవై వేలకు దొరుకుతుందన్న మాటలో అబద్ధం లేదు. ప్రమాదాల్లో నుజ్జయిన కొత్త కార్ల ఇంజన్లు బెజవాడ ఆటోనగర్ తుక్కు దుకాణాల ముందు టార్పాలిన్ల కింద వరుసగా పడి ఉంటాయి. అయితే ఆ అరవై వేలు ఇంజను వెల మాత్రమే, మార్పిడి వెల కాదు. ఈ తేడా గ్రహించక సగంలో చతికిలబడిన బండ్లను నేను కొన్ని చూశాను.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పుకోవాలి. "పాత బండి పవిత్రం, దానిని ముట్టరాదు" అనే మడికట్టు బృందంలో నేను లేను. ఆ మాటకొస్తే అంబాసిడరును కన్నవారే దానికి పలుమార్లు గుండె మార్చారు. మొదట్లో 1476 సీసీల సైడ్ వాల్వు ఇంజను, కొద్దికాలానికే బి.ఎం.సి. వారి 1489 సీసీల ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను, ఆపైన డీజిలు, 1990ల తొలినాళ్ళలో ఇసుజు వారి 1.8 లీటర్లది. 2014లో ఉత్తర్‌పారా కర్మాగారంలో ఉత్పత్తి ఆగేలోగా ఇన్ని హృదయాలు మారాయి! కానీ ఇసుజు ఇంజను వచ్చినప్పుడు దానితోపాటు అయిదు గేర్ల పెట్టె కూడా వచ్చింది. స్టీరింగు పక్కనున్న గేరు కర్ర నేలమీదికి దిగింది. కర్మాగారం చేసిన పని అది. మన మేస్త్రీ చేసేది వేరు.

ఏమిటా వేరు? అంబాసిడరు వెనుక చక్రాలతో నడిచే బండి. ఇంజను పొడవునా కూర్చుంటుంది, శక్తి ప్రొపెల్లరు షాఫ్టు మీదుగా వెనుక ఇరుసుకు పోతుంది. నేటి చిన్న కార్లలో అత్యధికం ముందు చక్రాలవి. వాటి ఇంజను అడ్డంగా కూర్చుంటుంది, గేరుపెట్టె, డిఫరెన్షియలు ఒకే డొప్పలో ఉంటాయి. కాబట్టి దుకాణం ముందున్న పది ఇంజన్లలో మన బండికి పనికివచ్చేవి ఒకటో రెండో. పనికివచ్చేది దొరికినా దాని నూనె తొట్టి ముందు అడ్డదూలానికి తగలకూడదు. మౌంటింగులు కొత్తగా వెల్డింగు చేయాలి. షాఫ్టు కోసి, అతికించి, తూకం సరిచూడాలి. తూకం తప్పితే అరవై వేగం దగ్గర బండి మొత్తం జ్వరం వచ్చినట్లు వణుకుతుంది.

ఇంధనం సంగతి మరీ ముఖ్యం. పాత కార్బురేటరుకు చిన్న మెకానికల్ పంపు చాలు. ఇంజెక్షను ఇంజనుకు అంతకు అనేక రెట్లు ఒత్తిడినిచ్చే విద్యుత్ పంపు, దాన్ని తట్టుకొనే గొట్టాలు, మిగిలిన పెట్రోలు తిరిగి టాంకులోకి చేరే దారి కావాలి. దాని మెదడు, తీగల జడ, సెన్సార్లు, కొన్నింటికి తాళంచెవితో సహా అదే బండివి దొరకాలి. తుక్కు దుకాణంలో ఆ తీగల జడను తరచు కత్తితో కోసేసి అమ్ముతారు. కోసిన జడను ముడివేసుకుంటూ కూర్చున్న మేస్త్రీకి ఇచ్చే కూలీ ఇంజను ఖరీదును దాటిపోతుంది.

అయినా నా అసలు భయం డబ్బు కాదు. మా మేనమామ కథ.

1980లలో పెట్రోలు ధరకు బెదిరి, మా వైపు చాలామంది అంబాసిడర్లలో మటడోర్ వ్యాను డీజిలింజను పెట్టించుకున్నారు. మావయ్యా పెట్టించాడు. ఖర్చు సగమైందని ఊరంతా చెప్పుకు తిరిగాడు. బరువైన ఇంజనుకు బండి ముక్కు దిగింది. బ్రేకులు మాత్రం పాతవే, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఒక సాయంత్రం తెనాలి దారిలో బండి ఆగవలసిన చోట ఆగక, ముందు పోతున్న రిక్షాను గుద్దింది. రిక్షా అతని కాలు విరిగింది. సి-బుక్కులో ఉన్నది పెట్రోలింజను నెంబరు, బండిలో ఉన్నది మరొకటి. బీమావారు కాగితం చూసి చేతులు దులుపుకున్నారు. మావయ్య అరెకరం అమ్మి ఆ కుటుంబానికి ఇచ్చాడు. ఇవ్వకపోతే అడిగే దిక్కు వారికి లేదన్న సంగతి ఆయనకు తెలుసు, అయినా ఇచ్చాడు.

నేడు ఆ వీలు కూడా లేదు. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద కుదరదని 2019 జనవరిలో, కేరళ నుంచి వచ్చిన వ్యాజ్యంలో, సుప్రీంకోర్టు తేల్చింది. పదిహేనేళ్ళు దాటిన కారును అయిదేళ్ళకోసారి తనిఖీకి చూపి నమోదు పునరుద్ధరించుకోవాలి. అక్కడ ఇంజను నెంబరు చూడకుండా వదలరు. "అందరూ చేయిస్తున్నారుగా" అంటాడు తమ్ముడు. అందరి బండ్లకూ ప్రమాదం జరగలేదు మరి.

చవకలో చేయదలచినవారికి నా మాట ఇది. ఉన్న ఇంజనునే బాగుచేయించండి. బ్లాకు బోరు కొట్టించి కొత్త పిస్టన్లు, క్రాంకు గ్రైండింగు, గట్టి వాల్వు సీట్లు వేయించండి. 2000లో సీసం పెట్రోలు పోయినప్పటినుంచి పాత సీట్లు అరిగిపోతున్నాయి. ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం ఇథనాలు కలుస్తోంది కనుక రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రాలు దాన్ని తట్టుకొనేవి చూసుకోండి. మిగిలిన డబ్బుతో, తరువాతి అంబాసిడర్లకు వచ్చిన ముందు డిస్కు బ్రేకులు మీ బండికి కుదురుతాయేమో రవాణా కార్యాలయంలో అడిగి మరీ చూడండి. బండి వేగం పెరగదు. నాన్నగారు దాన్ని యాభై దాటించిందీ లేదు.

తమ్ముడికి ఇది రుచించలేదు. "నువ్వు ముసలివాడివైపోయావు" అని ఫోను పెట్టేశాడు. బ్లాకు ప్రస్తుతం ఆటోనగర్ లేతు షాపులో ఉంది. నలభై ఓవర్‌సైజుకు సరిపోతుందో, స్లీవులు పడతాయో సోమవారం కొలిచి చెబుతానన్నాడు మేస్త్రీ.