గాలిలో వాటాలు

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఒక రిటైర్డ్ లెక్కల సార్ ఉంటారు. మొన్నామధ్య ఓ రంగుల కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చారు. "మీకు ఈ ఇంటర్నెట్ల సంగతి ఎరికే కదా, జర చూడుండ్రి" అన్నారు. చూశాను. వైర్లు లేని హైస్పీడ్ ఇంటర్నెట్ అట. కొత్తపేట నుంచి హయత్‌నగర్ దాకా ఇస్తారట. రెండు లక్షలు పెడితే ఒక 'నోడ్' మన పేరు మీద ఉంటుంది, నెలనెలా ఆరు వేలు అకౌంట్లో పడతాయి. కింద ఒక వాక్యం: పెద్ద కంపెనీల గుత్తాధిపత్యాన్ని మనమే బద్దలు కొడదాం.

"సార్, ఇది ఏడాదికి 36 శాతం" అన్నాను. ముప్పై ఏళ్లు పిల్లల చేత చక్రవడ్డీ లెక్కలు చేయించిన మనిషి. ఒక్క క్షణం ఆగి, "అవును కదా" అన్నారు. కానీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. పారేయలేదు.

ఈ వ్యాసం ఆ కాగితం గురించి కాదు. అలాంటి కాగితాలు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల కరపత్రాల కన్నా ఎక్కువే. నా పోట్లాట ఆ చివరి వాక్యంతో. ఎందుకంటే దాన్ని నమ్మేవాళ్లలో అమాయకులే కాదు, మన సాహిత్య మిత్రులూ ఉన్నారు. ఈమధ్య ఒక సభ అయ్యాక టీ తాగుతుంటే, నేను గౌరవించే ఒక రచయిత ఇదే మాట అన్నారు: అంబానీకి నెలనెలా డబ్బు కట్టే బదులు మన బస్తీలోని చిన్న వైర్‌లెస్ కంపెనీలో మన పొదుపు పెట్టడమే అసలైన ప్రతిఘటన అని. మాట బాగుంది. అందుకే ప్రమాదం.

ఈ ఆశ ఇప్పుడెందుకు పుట్టిందో అందరికీ తెలుసు. 2025 ఆగస్టులో రామంతాపూర్ గోకుల్‌నగర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ వాళ్లు స్తంభాల మీది కేబుళ్లు కోయడం మొదలుపెట్టారు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. మా వైపు పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, ఇంటి నుంచి చేసే ఉద్యోగాలు అన్నీ ఆగాయి. వైరు ఉంటే కోస్తారు, గాలిని ఎవడు కోస్తాడు? ఈ ఒక్క ప్రశ్న మీద వ్యాపారం పెట్టొచ్చని తోచినవాళ్లు తోచగానే కాగితాలు అచ్చేశారు.

నేనూ ఒకప్పుడు ఆ గాలిలో వాటా కొన్నాను. 2012లో. సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో నెట్‌వర్కింగ్ కోర్సు చేసిన కుర్రాడు. నన్ను అన్నా అని పిలిచేవాడు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఓ ఐదంతస్తుల బిల్డింగు కప్పు మీద రేడియో పెట్టాడు. కొత్తపేటలో మా టెర్రస్ మీద రెండోది. ఎల్బీనగర్ దాటాక వనస్థలిపురంలో మూడోది. కింద గల్లీల్లో హాస్టళ్లు, ఇంటర్నెట్ సెంటర్లు, రెండు డీటీపీ షాపులు. నేను లక్షన్నర ఇచ్చాను. అది వాటానో అప్పో ఇద్దరికీ తేలలేదు. ఒక బాండు పేపరు మీద రాసుకున్నాం. అతను ఇచ్చిన లాభం మొదటి ఏడాది బాగానే వచ్చింది, రెండో ఏడాది ఆలస్యంగా వచ్చింది. ఆ తర్వాత నేనే అడగడం మానేశాను.

అతను మోసగాడు కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. రాత్రి పదకొండింటికి వానలో మా టెర్రస్ ఎక్కి, గొడుగు నేను పట్టుకుంటే డిష్ సరిచేసిన మనిషి. చెడగొట్టింది అతని గుణం కాదు, ఆ వ్యాపారపు కట్టుబడి. చూడండి.

ఈ రేడియోలు రెండూ ఒకదానికొకటి కంటికి కనబడాలి. మధ్యలో గోడ వచ్చిందా, సిగ్నల్ పోతుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్నది నాలుగు కిలోమీటర్లే. కానీ ఆ నాలుగు కిలోమీటర్లలో ఏటా ఎన్ని కొత్త అంతస్తులు లేస్తాయో అక్కడ తిరిగేవాళ్లకు తెలుసు. 2014లో చైతన్యపురి దగ్గర ఒక కొత్త కాంప్లెక్సు మూడో స్లాబు పడ్డ రోజు మా లింకు సగం చచ్చింది, నాలుగో స్లాబు పడ్డ రోజు పూర్తిగా. ఇంకో టెర్రస్ వెతకాలి. దాని అద్దె, దాని ఓనరు భార్య రేడియేషన్ భయం, లిఫ్టు లేని ఆరో అంతస్తుకు బ్యాటరీలు మోయడం. ఇవేవీ ఏ బ్యాలెన్స్ షీటులోనూ ముందుగా కనిపించవు.

రెండోది, ఆ గాలి ఎవరిది? అతను వాడింది లైసెన్సు అక్కర్లేని బ్యాండు. 2007లో ప్రభుత్వం 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర 50 మెగాహెర్ట్జ్ ముక్కను బయటి వాడకానికి అలా వదిలింది. 20 మెగాహెర్ట్జ్ చానెళ్లు పెడితే రెండు పడతాయి. రెండంటే రెండే! అదే రోడ్డు మీద ఇంకో కుర్రాడు ఇంకో రేడియో పెట్టాడంటే ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు అరుచుకుంటున్నట్టే. 2018లో 5 గిగాహెర్ట్జ్ పరిధిలో 605 మెగాహెర్ట్జ్ స్వేచ్ఛగా వదిలారు. మంచిదే. కానీ అది అందరికీ వదిలారు. మీ ఇంటి రౌటరుకీ, నా ఇంటి రౌటరుకీ, పెద్ద కంపెనీకీ. ఇప్పుడు జియో కూడా తన ఎయిర్‌ఫైబర్‌ను కొన్ని చోట్ల ఈ లైసెన్సు లేని బ్యాండు మీదే నడుపుతోంది. ఊరి చెరువులో చిన్న వల వేసుకునేవాడి పక్కన మరపడవ దిగినట్టు. చెరువు అందరిదీ అన్నది నిజమే. వాటా అమ్మేవాడు మాత్రం చెరువు తనదే అన్నట్టు అమ్ముతున్నాడు.

మూడోది, అతను నెలనెలా బ్యాండ్‌విడ్త్ కొనేది ఎవరి దగ్గర? పై నుంచి కిందికి వస్తే, రేపు తన కస్టమర్ని ఎత్తుకుపోయేవాడి దగ్గరే. 2016 సెప్టెంబర్ 5న జియో సేవలు మొదలయ్యాయి. 2017 మార్చి దాకా ఉచితం. హాస్టల్ పిల్లలు మొదట వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టగలమా? ఆరేడు నెలలు ఉచితంగా ఇవ్వగలగడమే పెట్టుబడి అంటే. మా కుర్రాడి దగ్గర ఆరేడు వారాలకు సరిపడా డబ్బు లేదు. 2017 వేసవిలో రేడియోలు దించేశాడు. ఇప్పుడు ఒక సీసీ కెమెరాల షాపులో పనిచేస్తున్నాడు.

ఇక్కడే మా రచయిత మిత్రుడు 2010 సంగతి ఎత్తుతారు. చిన్న కంపెనీయే కదా మొత్తం దేశం స్పెక్ట్రమ్ కొన్నది అని. నిజం. ఆ ఏడాది జూన్ 11న ముగిసిన బ్రాడ్‌బ్యాండ్ వైర్‌లెస్ వేలంలో 22 సర్కిళ్లూ గెలిచింది ఇన్ఫోటెల్ బ్రాడ్‌బ్యాండ్ అనే, అప్పటిదాకా ఎవరూ వినని కంపెనీ. 12,847 కోట్ల పైచిలుకు. అదే రోజు రిలయన్స్ 4,800 కోట్లు పెట్టి అందులో 95 శాతం వాటా తీసుకుంటున్నట్టు ప్రకటించింది. జియో పుట్టింది అలా. ఆ ఇన్ఫోటెల్ స్టాక్ మార్కెట్లో లేనే లేదు. మీరూ నేనూ కొనడానికి వీలున్న షేరు కాదది. అప్పట్లో మా ఆఫీసులో ఒకాయన హెచ్‌ఎఫ్‌సీఎల్ ఇన్ఫోటెల్ అనే ఇంకో కంపెనీ షేర్లు చూపించి గంతులేశాడు. అది పంజాబ్‌లో టెలిఫోన్లు నడిపే వేరే కంపెనీ, తర్వాత క్వాడ్రంట్ టెలివెంచర్స్ అని పేరు మార్చుకుంది. పేరులో సగం కలిస్తే అదృష్టం సగం కలుస్తుందా?

అదే వేలంలో మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో రెండో స్లాటు ఎయిర్‌సెల్‌కు వచ్చింది. చిన్నది కూడా కాదు ఆ కంపెనీ. 2016లో ఆ స్పెక్ట్రమ్‌ను ఎయిర్‌టెల్‌కు అమ్ముకుని, 2018లో దివాలా పిటిషన్ వేసింది. అయిదు సర్కిళ్లు గెలిచిన టికోనా 2017లో తన 4జీ వ్యాపారాన్ని ఎయిర్‌టెల్‌కే ఇచ్చేసింది. అమెరికాలోనూ ఇదే కథ. విన్‌స్టార్, టెలిజెంట్, రికోచె సేవ నడిపిన మెట్రికామ్, మూడూ 2001లోనే దివాలా తీశాయి. గాలిలో ఇంటర్నెట్ అమ్మిన ఈ కంపెనీలకు రెండే దారులు దొరికాయి, పెద్దవాడికి అమ్ముడుపోవడమో మూతపడటమో. మొదటి దారిలో డబ్బు ప్రమోటరుకు. రెండో దారిలో నష్టం మనకు.

మన ఊళ్లో ఇంటర్నెట్ కంపెనీ పెట్టి నిలబడినవాళ్లు లేరా? ఉన్నారు. బీమ్ హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు వేగం రుచి చూపించింది, కానీ వైరు లాగి. అదీ చివరకు బెంగళూరు యాక్ట్ చేతికి వెళ్లింది. సదరన్ ఆన్‌లైన్ అని ఇంకోటి, ప్రైవేటు వాళ్లకు ఇంటర్నెట్ లైసెన్సులు తెరిచిన 1998 కాలం నాటిది, బీఎస్‌ఈలో లిస్టయిన హైదరాబాద్ కంపెనీ. అది తర్వాత సదరన్ ఆన్‌లైన్ బయో టెక్నాలజీస్ అయి నల్గొండ జిల్లాలో బయోడీజిల్ ఫ్యాక్టరీ పెట్టింది. ఇంటర్నెట్ అనుకుని షేరు కొన్నవాడు డీజిల్ యజమాని అయ్యాడన్నమాట. ఎగతాళి చేయడం లేదు. బతకడానికి దారి మార్చుకున్న కంపెనీని ఎవరంటారు? కానీ ఆ మార్పును షేర్‌హోల్డర్ ముందే ఊహించగలిగేవాడా?

"అయితే చిన్నవాళ్లను చావనివ్వమంటారా?" అన్నారు మా మిత్రుడు. కాదు. వాళ్ల దగ్గర కనెక్షన్ తీసుకోండి. నెల బిల్లు నెలకు కట్టండి, వంద ఎక్కువైనా సరే. బాగోకపోతే వచ్చే నెల మానేయొచ్చు, పోయేది ఆ నెల డబ్బే. పోట్లాడాలంటే చోటు ఇంకొకటి ఉంది. 2020 డిసెంబర్‌లో పీఎం-వాణి వచ్చింది. టీకొట్టువాడైనా లైసెన్సు లేకుండా వైఫై అమ్మొచ్చు. కానీ అతనికి బ్యాండ్‌విడ్త్ అమ్మే ధర ఎవరిష్టం వాళ్లదిగా ఉంటే ఆ స్వేచ్ఛ దేనికి? 2025లో ట్రాయ్ ఆ ధర మామూలు ఇంటి కనెక్షన్ ధరకు రెట్టింపు దాటకూడదని కట్టడి చేసింది. మా కుర్రాడికి 2014లో కావలసింది నా లక్షన్నర కాదు, ఇలాంటి నియమం. దాని మీద రాయండి, సంతకాలు సేకరించండి. రిటైరైన మనిషి గ్రాట్యుటీని ముందు నిలబెట్టి దానికి ప్రతిఘటన అని పేరు పెట్టకండి. ఓడిపోయినప్పుడు మీ వ్యాసానికి ఏమీ కాదు, ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు అవుతుంది.

లెక్కల సార్‌కు నేను సలహా ఇవ్వలేదు. మూడు ప్రశ్నలు ఒక చీటీ మీద రాసి ఇచ్చాను. మీ కంపెనీకి ఇంటర్నెట్ లైసెన్సు ఏ కేటగిరీది, కాపీ చూపిస్తారా? ఈ రెండు లక్షలు షేరా, అప్పా, డిపాజిటా? డిపాజిటైతే 2019 అన్‌రెగ్యులేటెడ్ డిపాజిట్ల నిషేధ చట్టం కింద నేరం కాదా? పై నుంచి బ్యాండ్‌విడ్త్ ఎవరిది, ఎన్నేళ్ల ఒప్పందం?

నిన్న సాయంత్రం ఎల్బీనగర్‌లో వాళ్ల ఆఫీసుకు వెళ్లొచ్చారు. "ఏమన్నారు సార్?" అంటే, "మొదటి దానికి మేనేజర్ వస్తడు అన్నరు. రెండోదానికి నవ్విండ్రు. మూడోది అడిగే లోపల్నే చాయ్ తెచ్చిండ్రు" అన్నారు. కాగితం ఇంకా ఆయన జేబులోనే ఉంది.