మోగితే సరిపోదు.. నమ్మేలా మోగాలి!

ఐటీ కంపెనీ తలుపైనా, బ్యాంకు సర్వర్ గదైనా, ఆసుపత్రిలో మందుల స్టోరైనా ఇప్పుడు తాళంచెవి కాదు, కార్డు అడుగుతోంది. కార్డు చూపిస్తాం, పచ్చ లైటు వెలుగుతుంది, లోపలికి వెళ్లిపోతాం. అక్కడితో మన ఆలోచన ఆగిపోతుంది. కానీ కార్డు లేకుండా ఎవరైనా ఆ తలుపు లాగేస్తే ఏం జరగాలి? తెరిచిన తలుపు మూసుకోకపోతే ఎవరికి తెలియాలి, ఎంతసేపట్లో తెలియాలి? ఈ ప్రశ్నలకు జవాబు రాసేది ఓ ఇంజినీరు. ఆ పనినే అలారం కాన్ఫిగరేషన్ అంటారు.

క్యాంపస్‌లో దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఈసీఈ, ఈఈఈ చదివినవాళ్లు కూడా 'కోర్ జాబులు లేవు బ్రదర్' అనేసి కోచింగ్ సెంటర్ మెట్లెక్కుతుంటారు. యాక్సెస్ కంట్రోల్, సీసీ కెమెరాలు, ఫైర్ అలారంలు కలిపి మార్కెట్లో 'ఈఎల్‌వీ' పనులంటారు. వీటిని చేసే సిస్టమ్ ఇంటిగ్రేటర్ కంపెనీలకు సర్వీస్ ఇంజినీర్లు, కమిషనింగ్ ఇంజినీర్లు కావాలి. ఈ దారి గురించి ఆలోచించండి. కానీ వచ్చేటప్పుడు ఒక సంగతి గట్టిగా పట్టుకుని రండి. అలారం మోగేలా చేయడం సులువు. అది మోగినప్పుడు మనిషి లేచి వెళ్లేలా చేయడమే ఇంజినీరింగ్.

తలుపు దగ్గర ఏముంటుంది?

సాధారణంగా ఐదు వస్తువులుంటాయి. బయట కార్డు రీడర్, పైన ఈఎం లాక్ అని పిలిచే విద్యుదయస్కాంత తాళం, తలుపు మూసుందో తెరిచుందో చెప్పే డోర్ కాంటాక్ట్, లోపలివైపు ఎగ్జిట్ స్విచ్, వీటన్నిటినీ చూసుకునే కంట్రోలర్ ప్యానెల్. రీడర్ నంబరు చదివి పంపిస్తుంది, నిర్ణయం తీసుకునేది ప్యానెల్.

ఈ వస్తువుల నుంచి పుట్టే అలారాలు ముఖ్యంగా నాలుగు. అనుమతి లేకుండా తలుపు తెరుచుకుంటే 'ఫోర్స్‌డ్ ఓపెన్'. అనుమతితోనే తెరిచి ఎక్కువసేపు మూయకపోతే 'హెల్డ్ ఓపెన్'. రీడర్‌నో ప్యానెల్ డబ్బానో ఊడదీస్తే 'ట్యాంపర్'. చెల్లని కార్డుతో పదేపదే ప్రయత్నిస్తే నాలుగోది. పేర్లు బట్టీ పట్టడానికి పది నిమిషాలు చాలు. ఇవి ఎప్పుడు మోగాలి, ఎప్పుడు మోగకూడదు అన్నదే అసలు సబ్జెక్టు.

చిక్కు ఎగ్జిట్ స్విచ్ దగ్గరే

చాలా సైట్లలో ఒక షార్ట్‌కట్ కనిపిస్తుంది. ఎగ్జిట్ స్విచ్‌ని ప్యానెల్ వరకు లాగకుండా నేరుగా తాళం కరెంటు వైరులో కలిపేస్తారు. బటన్ నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, కస్టమర్ సంతోషిస్తాడు, బిల్లు పాసవుతుంది. కానీ ప్యానెల్‌కి బటన్ నొక్కిన సంగతి తెలియదు. దాని లెక్కలో కార్డు లేదు, అనుమతి లేదు, తలుపు మాత్రం తెరుచుకుంది. అంటే ఎవరో బద్దలుకొట్టారని అర్థం! అలా భోజనానికి బయటికెళ్లే ప్రతి ఉద్యోగీ ఓ ఫోర్స్‌డ్ ఓపెన్ అలారం పుట్టిస్తాడు.

కంట్రోల్ రూంలో కూర్చున్న గార్డు ఏం చేస్తాడు? మొదటిరోజు పరుగెత్తుతాడు. రెండోరోజు కెమెరాలో చూస్తాడు. వారం తిరిగేసరికి చూడకుండానే 'అక్నాలెడ్జ్' నొక్కుతాడు. ఇది 'నాన్నా.. పులి' కథే. కాకపోతే ఇక్కడ అబద్ధం చెప్పింది పిల్లాడు కాదు, మనం కలిపిన వైరు.

నిజంగా పులి వచ్చిన రోజు సంగతి ఆలోచించండి. విచారణలో లాగ్ తీస్తారు. అలారం వచ్చిన టైము ఉంటుంది, గార్డు అక్నాలెడ్జ్ చేసిన టైమూ ఉంటుంది. 'మోగింది కదా, ఎందుకు వెళ్లలేదు?' అని అడుగుతారు. కాంట్రాక్టు మీద 12 గంటల డ్యూటీ చేసే మనిషి ఉద్యోగం పోతుంది. ఆ తలుపుకి తప్పుడు వైరింగ్ చేసినవాళ్లని ఎవరూ పిలవరు. అందుకే ఈ సెట్టింగ్‌లు టెక్నికల్ వ్యవహారం మాత్రమే కాదంటాను. రేపు నింద ఎవరి మీద పడుతుందో కూడా అవే తేలుస్తాయి.

ఒక్కో తలుపుకి ఒక్కో లెక్క

కొత్తవాళ్లు రెండు టైమర్లని కలిపేసుకుంటారు. కార్డు చూపాక తాళం ఎంతసేపు వదిలి ఉండాలన్నది ఒకటి. తలుపు ఎంతసేపు తెరిచి ఉండొచ్చన్నది ఇంకొకటి. మొదటిది 5 సెకన్లు, రెండోది 30 సెకన్లు పెట్టామనుకోండి. ఇవే అంకెలు భవనంలో అన్ని తలుపులకీ కాపీ చేస్తే పని తొందరగా అవుతుంది, గొడవ మర్నాటి నుంచి మొదలవుతుంది.

సర్వర్ గది తలుపు అరనిమిషం తెరిచి ఉండటం అనుమానించాల్సిన విషయమే. సరుకు దించే తలుపు ట్రాలీలు పోయేంతసేపు తెరిచి ఉండక తప్పదు. వీల్‌చైర్‌లో వచ్చే ఉద్యోగికి ఎక్కువ సమయం కావాలి. చాలా సిస్టమ్‌లలో అలాంటి వారి కార్డుకు మాత్రమే అదనపు సమయం ఇచ్చే వీలుంది. మరో మంచి పద్ధతి ప్రీ-అలారం. గడువు ముగియడానికి కొన్ని సెకన్ల ముందు తలుపు దగ్గరే బజర్ మోగుతుంది. అక్కడున్నవాళ్లు తలుపు మూసేస్తే గార్డు దాకా వ్యవహారం వెళ్లదు. ఇవన్నీ తెలియాలంటే సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు ఆ తలుపు దగ్గర ఓ అరగంట నిలబడి, ఎవరు ఎలా వెళ్తున్నారో చూడాలి.

వైరు కోస్తే తెలుస్తుందా?

ఓమ్ నియమం ఉద్యోగంలో పనికొచ్చేది ఇక్కడే. డోర్ కాంటాక్ట్ వైరుని ఎవరైనా షార్ట్ చేస్తే ప్యానెల్ 'తలుపు మూసే ఉంది' అనుకుని నిద్రపోవచ్చు. దీనికి విరుగుడు రెండు రెసిస్టర్లు. కాంటాక్ట్‌కి అడ్డంగా 1 కిలోఓమ్, వరసలో మరో 1 కిలోఓమ్ పెడతారు. తలుపు మూసి ఉంటే ప్యానెల్‌కి 1 కిలోఓమ్ కనిపిస్తుంది, తెరిస్తే 2. వైరు షార్టయితే దాదాపు సున్నా, తెగితే అనంతం. రెండు వైర్ల మీదే నాలుగు కబుర్లు! విలువలు ప్యానెల్‌ని బట్టి మారతాయి, సూత్రం ఇదే. అయితే ఆ రెసిస్టర్లు తలుపు దగ్గర ఉండాలి. పని తేలికని ప్యానెల్ డబ్బాలోనే బిగిస్తే, వైరు మధ్యలో ఏం చేసినా దొరకదు.

రీడర్ విషయంలోనూ ఇంతే. పాత వీగాండ్ పద్ధతిలో డేటా రీడర్ నుంచి ప్యానెల్ వైపు మాత్రమే వెళ్తుంది. రీడర్ మౌనంగా ఉంటే ఎవరూ కార్డు చూపలేదా, రీడరే పోయిందా అన్నది ప్యానెల్‌కి తెలియదు. ఆర్‌ఎస్-485 మీద నడిచే ఓఎస్‌డీపీలో ప్యానెల్ రీడర్‌ని నిరంతరం పలకరిస్తుంది. జవాబు రాకపోతే 'రీడర్ ఆఫ్‌లైన్' అని చెప్పేస్తుంది. 2020లో ఇది అంతర్జాతీయ ఐఈసీ ప్రమాణంగా వచ్చింది. ఇంటర్వ్యూలో ఈ రెండింటి తేడా సొంత మాటల్లో చెప్పగలిగితే అవతలివాళ్లు తలెత్తి చూస్తారు.

అన్నిటికంటే పెద్ద లెక్క

దొంగ రాకూడదన్న తొందరలో మనిషి బయటపడే దారి మూయకూడదు. బయటికి వెళ్లే తలుపులు లోపలివైపు నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. ఈఎం లాక్‌కి కరెంటు పోతే తలుపు వదిలేస్తుంది. ఫైర్ అలారం రిలే ఆ కరెంటుని నేరుగా కోసేయాలి. సర్వర్, సాఫ్ట్‌వేర్ పనిచేస్తే తెరుచుకుంటుందన్న ఏర్పాటు ఈ ఒక్కచోట పనికిరాదు. మంటల్లో ఆ సర్వరే ముందు పోవచ్చు.

ఇప్పుడు మీరేం చేయొచ్చు?

ఈఎస్‌పీ32 బోర్డు, ఒక రీడ్ స్విచ్, ఆర్‌ఎఫ్‌ఐడీ మాడ్యూల్, రిలే, బజర్ తీసుకోండి. హాస్టల్ గది తలుపుకి ఫోర్స్‌డ్ ఓపెన్, హెల్డ్ ఓపెన్ లాజిక్ సొంతంగా రాయండి. కార్డు చూపించి తలుపు తీయకపోతే? తలుపు తెరిచుండగానే రెండో కార్డు చూపిస్తే? కరెంటు పోయి వస్తే? ఈ మూడింటికీ జవాబు ఉన్న ప్రాజెక్టు, కొనుక్కున్న మేజర్ ప్రాజెక్టు కన్నా రెజ్యూమెలో గట్టిగా నిలబడుతుంది. దాంతోపాటు ఐపీ అడ్రసింగ్, ఆర్‌ఎస్-485 వైరింగ్, మల్టీమీటర్ వాడకం నేర్చుకోండి.

ఒక మాట దాచకూడదు. మొదటి ఏళ్లలో నిచ్చెన ఎక్కాలి, ఫాల్స్ సీలింగ్ దుమ్ములో తల పెట్టాలి, ఆఫీసు ఖాళీ అయ్యాక రాత్రిపూట పనిచేయాలి. సాఫ్ట్‌వేర్‌లో చేరిన ఫ్రెండ్ జీతంతో పోల్చుకుంటే మనసు చివుక్కుమనొచ్చు. గల్ఫ్ వెళ్దామనుకునేవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. దుబాయ్‌లో సెక్యూరిటీ సిస్టమ్స్ పనికి 'సిరా' అనే ప్రభుత్వ సంస్థ నియంత్రణ ఉంటుంది. ఏజెంటు మాట నమ్మే ముందు ఆ అర్హతల సంగతి అడగండి.

పనిలో చేరాక ఒక అలవాటు చేసుకోండి. అప్పగించే ముందు ప్రతి తలుపునీ పరీక్షించండి. కార్డుతో వెళ్లాలి, బటన్ నొక్కి రావాలి, అలారం రాకూడదు. అనుమతి లేకుండా తెరవాలి, గడువు దాటించాలి, రీడర్ మూత ఊడదీయాలి, తలుపు దగ్గర వైరు విప్పాలి.. ప్రతిసారీ సరైన అలారమే రావాలి. ఫైర్ రిలే కొట్టి తాళం వదులుతోందో లేదో చూడాలి. ప్యానెల్ గడియారం, కెమెరా గడియారం ఒకే టైము చూపిస్తున్నాయా సరిచూడాలి. తలుపుకి పావుగంట పట్టొచ్చు. మేనేజరు తొందరపెట్టొచ్చు కూడా. అయినా ఆ పావుగంట వదులుకోకండి. హ్యాండోవర్ కాగితం మీద సంతకం మేనేజరుది కాదు, మీది.