పావలా వంతు

నెల కిందట ఒక రాత్రి నేను శంషాబాదు విమానాశ్రయానికి వెళ్ళాను. ఎవరినీ సాగనంపడానికి కాదు, ఎవరికీ ఎదురేగడానికీ కాదు. అక్కడ నాకు బొత్తిగా పని లేదు. అయినా పుష్పక్ బస్సెక్కి వెళ్ళి, దిగినవాళ్ళు బయటికి వచ్చే దారి దగ్గర రెండు గంటలు నుంచుని తిరిగివచ్చాను. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి ఇదేం పిచ్చి అని మీరు అనవచ్చు. నా గోడు కొంచెం వినండి.

మా తమ్ముడి కొడుకు ఆరేళ్ళవాడు. వాడికి తలసీమియా. ఒంట్లో ఎర్రకణాలు సరిగా తయారుకావు. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఆ రక్తంతో వచ్చే ఇనుము గుండెలోనూ కాలేయంలోనూ పేరుకోకుండా రోజూ మందు మింగాలి. శివరాంపల్లిలోని తలసీమియా, సికిల్ సెల్ సొసైటీకి వాణ్ణి తీసుకుపోయే రోజు, అమావాస్య పున్నములలాగే, మా ఇంటి పంచాంగంలో ఒక తిథి అయిపోయింది.

మా తమ్ముడిది మేనరికం. మేనమామ కూతుర్నే చేసుకున్నాడు. ఇద్దరిలోనూ ఒక్కొక్క లోపపు జన్యువు చడీచప్పుడు లేకుండా ఉంది. అటువంటి దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు రావడానికి నాలుగోవంతు అవకాశం. రూపాయిలో పావలా అన్నమాట. పెద్దపిల్ల తప్పించుకుంది, వీడు చిక్కాడు. పెళ్ళికి ముందు ఒక్క రక్తపరీక్ష చేయించి ఉంటే బయటపడేదే. జాతకాలు మాత్రం ముగ్గురికి చూపించాం!

వాడి మూలుగ తీసేసి మంచి మూలుగ వేస్తే జబ్బు కుదురుతుందన్నారు. మా అమ్మ వెంటనే తీర్పు చెప్పేసింది: “వాడి అక్క ఉందిగా! ఒకే రక్తం, పైగా మేనరికం. కలవక ఎక్కడికి పోతుంది?”

పరీక్ష చేశారు. కలవలేదు.

“ఎందుకు కలవలేదురా?” అని అమ్మ నన్ను నిలదీసింది. ఇంట్లో ఎం.ఏ. చదివినవాణ్ణి నేనే కనుక, శాస్త్రం ఏదైనా సంజాయిషీ నేనే ఇచ్చుకోవాలి. అందుకని చదివాను.

ఎ, బి, ఓ అనే గ్రూపులు ఎర్రకణాల సంగతి. 1958లో పారిస్‌లో జాఁ దోసే అనే వైద్యుడు, పలుమార్లు ఇతరుల రక్తం ఎక్కించుకున్నవారిని పరిశీలించి, తెల్లకణాలకూ వేరే గుర్తులు ఉన్నాయని కనిపెట్టాడు. ఆ రోజుల్లోనే అమెరికాలో రోజ్ పేన్, హాలండులో యాన్ వాన్ రూడ్ మరో వింత చూశారు. బిడ్డల్ని కన్న తల్లుల రక్తంలో, ఆ బిడ్డలకు తండ్రి నుంచి వచ్చిన గుర్తులను పోల్చి పట్టుకొనే పదార్థాలు తయారవుతున్నాయి! దోసేకు 1980లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ గుర్తులనే ఇప్పుడు హెచ్.ఎల్.ఏ. అంటున్నారు.

అమ్మకు వాటిని కంచాలని చెప్పాను. మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ లోపల ఏం వండుతున్నదో అందులో ఒక తునకను వాకిట్లో కంచంలో పెట్టి చూపిస్తుంది. గస్తీ తిరిగే తెల్లకణం ఇంటివంటే అనుకుంటే సాగిపోతుంది. సూక్ష్మజీవి తునక కనబడిందా, ఆ ఇంటినే కూల్చేస్తుంది. కంచమే పరాయిదైతే అసలు ఊరుకోదు.

“అందరికీ ఒకే రకం కంచం ఇస్తే ఆ బ్రహ్మదేవుడి సొమ్మేం పోయింది?” అంది అమ్మ.

పోయేది మన ప్రాణాలే. ఒక్కొక్క కంచంలో కొన్ని తునకలే ఇముడుతాయి. ఊళ్ళో అన్ని ఇళ్ళకూ ఒకే తాళం వేస్తే, ఒక్క తాళంచెవి సంపాదించిన దొంగ ఊరంతా దోచుకుంటాడు గదా! మనుషుల్లో ఈ జన్యువులకు 40 వేలకు పైగా రూపాలు ఇంతవరకు గుర్తించారు. మహమ్మారి వచ్చినప్పుడు కొందరైనా మిగలడంలో ఈ వైవిధ్యం చలవ ఎంతో ఉంది. లోకాన్ని కాపాడే గుణమే మావాడికి అడ్డుపడింది.

ఈ జన్యువులు ఆరో క్రోమోజోము మీద ఒక మూటగా ఉంటాయి. తండ్రికి రెండు మూటలు, తల్లికి రెండు. బిడ్డకు చెరొకటి వస్తుంది. అక్కాతమ్ముళ్ళకు రెండు మూటలూ కలవడానికి అవకాశం మళ్ళీ నాలుగోవంతే! తలసీమియా లోపం ఉండేది పదకొండో క్రోమోజోము మీద. దాని చీట్లు వేరు, వీటి చీట్లు వేరు. జబ్బు తెచ్చిన పావలా చెల్లింది. మందు తేవలసిన పావలా చెల్లలేదు.

ఇక బయటివారే దిక్కు. అక్కడా ఒక చిక్కుంది. హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు హార్వర్డువారితో కలిసి 2013లో ఒక పరిశోధన ప్రకటించారు. సుమారు 4,200 ఏళ్ళ కిందటినుంచి 1,900 ఏళ్ళ కిందటివరకు ఈ దేశంలో జనం విరివిగా కలిసిపోయారట. ఆ తరవాత ఎవరి గుంపులో వారే పెళ్ళాడటం స్థిరపడింది. కంచం పొత్తూ మంచం పొత్తూ మనలో మనకే అని గిరి గీసుకున్నాం. దానితో ఒంట్లోని కంచాలు కూడా గుంపుకూ గుంపుకూ కొంత తేడా పడ్డాయి. ప్రపంచంలో మూలుగ దానానికి పేరు ఇచ్చినవారు 4 కోట్లకు పైగా ఉన్నా, వారిలో మనవాళ్ళు బహుస్వల్పం. తెలుగుబిడ్డకు సరిపడేవారు తెలుగువారిలోనే దొరికే అవకాశం ఎక్కువ. వారు అమలాపురంలో ఉండవచ్చు, అట్లాంటాలో ఉండవచ్చు. పేరంటూ నమోదై ఉంటేగదా!

పదకొండు నెలలకు ఒకరు దొరికారు. ఎవరో, ఏ ఊరో చెప్పరు. అది నియమం.

ఆ రాత్రి తమ్ముడు ఆసుపత్రినుంచి ఫోను చేశాడు. “విమానంలో వస్తోందట, అన్నయ్యా” అన్నాడు. ఆపైన మాట రాలేదు వాడికి. అప్పటికి వారంరోజులుగా మందులతో పిల్లవాడి సొంత మూలుగను నశింపజేశారు. ఇక వెనక్కి దారి లేదు. దాత ఇచ్చిన కణాలను చల్లటి పెట్టెలో పెట్టి, ఎక్స్‌రే తగలనివ్వకుండా, ఒక మనిషి చేతపట్టుకొని తేవాలి. 72 గంటలలోపు ఎక్కించాలి. విమానం ఆలస్యమైతే? ఇంట్లో కూర్చోలేక నేను బస్సెక్కాను.

2008 మార్చిలో విమానాలు బేగంపేటనుంచి శంషాబాదుకు మారాయి. అప్పటినుంచి ఎన్ని దండలు, ఎన్ని కన్నీళ్ళు అక్కడ చూశానో! ఆ రాత్రి మాత్రం అందరి చేతులకేసే చూశాను. పదిన్నరకు ఒక యువకుడు చిన్న నీలం పెట్టె పట్టుకొని, ఎవరివంకా చూడకుండా గబగబా వెళ్ళి కారెక్కాడు. అది మాదో కాదో నాకు తెలియదు. చేతులు మాత్రం వాటంతటవే జోడించుకున్నాయి.

ఇవాళ్టికి ముప్పయ్యో రోజు. కొత్త కణాలు మొలకెత్తాయన్నారు. అయితే గండం గడవలేదు. కొత్తగా వచ్చిన తెల్లకణాలు వీడి ఒంటినే పరాయిదనుకొని తిరగబడవచ్చు. ఇంకా కొన్ని నెలలు కాచుకోవాలి. ఈలోగా నేనూ బుగ్గలో దూదిపుల్ల తిప్పి పేరు నమోదు చేయించుకున్నాను. నొప్పీ లేదు, ఖర్చూ లేదు. ఇంత తేలికపని నలభై దాటేవరకు ఎందుకు చెయ్యలేదా అని సిగ్గుపడ్డాను.

నిన్న అమ్మకు మరో సందేహం వచ్చింది. “ఇక వీడి ఒంట్లో అంతా ఆ దాత రక్తమేనటగా! మరి గోత్రం సంగతేమిటిరా?”

నాకు జవాబు తోచలేదు. అమ్మే కాసేపు ఆలోచించి, “వీడు లేచి తిరిగాక అమ్మపల్లి రాములవారికి అర్చన చేయించాలి. ఆ అబ్బాయి పేరు కూడా సంకల్పంలో చెప్పించు” అంది.

“పేరు తెలియదమ్మా. అబ్బాయో అమ్మాయో కూడా తెలియదు.”

“పోనీలే, ఎవరో తల్లి కన్నబిడ్డ అని చెప్పమను. ఆయనకు తెలుస్తుంది.”