పద్యంలో ఒదిగిన ఇరవై అంకెలు

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, అలా గడిగడికీ రెట్టిస్తూ అరవై నాలుగు గళ్ళూ నింపుకుంటూ పోతే మొత్తం ఎన్ని గింజలవుతాయి? లెక్క అందరికీ తెలిసిందే. జవాబు 18446744073709551615. ఇరవై అంకెల సంఖ్య. కాగితం చూడకుండా దీన్ని ఒప్పజెప్పగలిగేవాళ్ళు లెక్కల మాస్టర్లలో కూడా అరుదు. పావులూరి మల్లన పేరు మీద ప్రసిద్ధమైన ఒక చంపకమాల నోటికి వచ్చినవాడు మాత్రం ఒక్క అంకె కూడా తప్పకుండా చెప్పేస్తాడు.

ఆ పద్యంలో ఒకటీ రెండూ మూడూ అన్న మాటలు కనిపించవు. చంద్రుడు, బాణాలు, కొండలు, సముద్రాలు, ఆకాశం కనిపిస్తాయి. చంద్రుడొక్కడే కాబట్టి ఒకటి. మన్మథుడి బాణాలు ఐదు. అగ్నులు మూడు, వేదాలు నాలుగు, కులపర్వతాలు ఏడు, దిగ్గజాలు ఎనిమిది, శరీరంలోని రంధ్రాలు తొమ్మిది. ఆకాశమంటే సున్న. దీన్ని భూతసంఖ్యా పద్ధతి అంటారు. ఇందులో ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకి నడవాలి. మల్లన లెక్కలో మొదట వచ్చే బాణం చివరి ఐదు, ఆఖరున వచ్చే చంద్రుడు అన్నిటికన్నా ముందున్న ఒకటి. నాలుగు నాలుగుసార్లు వస్తుంది. వేదాలకు ఒకసారి, బ్రహ్మ ముఖాలకు ఒకసారి, సముద్రానికి రెండుసార్లు. ఆ రెండుసార్లూ సముద్రం పేరు వేరే. ఏడు మూడుసార్లు వస్తుంది. మూడుసార్లూ కొండే, మాట మాత్రం మారుతుంది. చంద్రుడూ అంతే, మూడుచోట్ల మూడు పేర్లతో దర్శనమిస్తాడు.

ఇది అలంకారం కోసం చేసిన పని కాదు. తాటాకు మీద అంకెలు రాస్తే ఒక గీత చెరిగినా, పురుగు తిన్నా సంఖ్య మారిపోతుంది. మారిన సంగతి తరవాతి లేఖకుడికి తెలియదు. పద్యంలో అలా జరగదు. ఒక మాట జారితే గణం తప్పుతుంది, యతి చెడుతుంది, ప్రాస పోతుంది. చెవి వెంటనే పట్టేస్తుంది. శాసనాల్లో శక సంవత్సరాన్ని పద్యంలో, భూతసంఖ్యల్లో చెప్పడం వెనక కూడా ఈ జాగ్రత్త ఉందని నా నమ్మకం. ఛందస్సు ఇక్కడ సంఖ్యకు కాపలా.

మల్లన ఊహించని సంగతి ఒకటుంది. నేటి కంప్యూటర్లో ఒక సంఖ్యకు 64 బిట్ల చోటు ఇచ్చి, రుణసంఖ్యల్ని పక్కన పెడితే, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య సరిగ్గా ఇదే. అరవై నాలుగు గళ్ళూ నిండినట్టే అరవై నాలుగు బిట్లూ ఒకట్లతో నిండుతాయి. తెలుగుదేశం నుంచి ప్రపంచమంతటా వెళ్ళి ప్రోగ్రాములు రాస్తున్న మన పిల్లలు ఈ సంఖ్యను రోజూ ఎక్కడో ఒకచోట తాకుతూనే ఉంటారు. అది తమ భాషలో పద్యంగా ఉందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. నన్ను బాధపెడుతున్నది ఇదే.

మల్లన పదకొండో శతాబ్దం వాడని, రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కాలానికి చెందినవాడని చాలామంది సాహిత్య చరిత్రకారుల మాట. తాత మల్లన, మనుమడు మల్లన ఇద్దరున్నారని, గణితం రాసింది ఎవరని వాదం కూడా నడిచింది. ఆ వాదం మీద ఖర్చుపెట్టినంత సిరా అతని లెక్కల మీద పెట్టలేదు. సుమారు క్రీ.శ. 850లో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, జైన గణితవేత్త మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రాశాడు. ఒకట్ల స్థానం నుంచి మహాక్షోభం దాకా ఇరవై నాలుగు స్థానాలకు పేర్లు చెప్పిన గ్రంథమది. దాన్నే మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మూలంలోని జైన వాతావరణాన్ని శైవంగా మార్చాడు, సొంత లెక్కలు కలిపాడు. నన్నయ భారతం తెనిగించిన ఆ తొలినాళ్ళలోనే తెలుగు గణితశాస్త్రం కూడా పలికిందన్నమాట. మహావీరుడి గ్రంథాన్ని ఎం. రంగాచార్య ఇంగ్లీషు అనువాదంతో, వివరణలతో 1912లో మద్రాసులో ప్రచురిస్తే ప్రపంచంలోని గణిత చరిత్రకారులందరికీ అందింది. మల్లన మాత్రం మన సాహిత్య చరిత్రల్లో ఒక పేరాగా మిగిలాడు. పరీక్షకు చదివే విద్యార్థికి ‘తొలి శాస్త్రగ్రంథకర్త’ అన్న బిట్టు ప్రశ్న అతడు.

సాహిత్యం వాళ్ళం ఆ పద్యాల్లో కవిత్వం లేదని వదిలేశాం. గణితం వాళ్ళు అవి పద్యాలని వదిలేశారు.

సంగీతం వాళ్ళు మనకంటే నయం. కటపయాది పద్ధతిని వాళ్ళు ఇంకా వాడుతున్నారు. అందులో ప్రతి హల్లుకూ ఒక అంకె ఉంటుంది. డెబ్భై రెండు మేళకర్త రాగాల్లో ఏదైనా పేరు చెబితే మొదటి రెండక్షరాలతో దాని సంఖ్య తెలిసిపోతుంది. మాయామాళవగౌళలో ‘మ’ ఐదు, ‘య’ ఒకటి. తిరగేస్తే పదిహేను. శంకరాభరణానికి ముందు ‘ధీర’ చేర్చింది ఈ లెక్క కోసమే. ‘ధ’ తొమ్మిది, ‘ర’ రెండు, కాబట్టి ఇరవై తొమ్మిది. 1980లో ఊరూరా ఆడిన శంకరాభరణం సినిమా చూసినవాళ్ళు ఎందరో ఉన్నారు. రాగం పేరులోనే దాని సంఖ్య దాగి ఉంటుందన్న సంగతి సంగీతం నేర్చినవాళ్ళ దగ్గరే ఆగిపోయింది. అవధాని కూడా మనవాడే. ఒకపక్క ఇచ్చిన మాటలతో పద్యం కట్టే దత్తపది నడుస్తుంటే మరోపక్క మోగే గంటల్ని మనసులో లెక్కపెట్టుకుని చివర్న సరిగ్గా చెప్పాలి. పద్యమూ లెక్కా ఒకే బుర్రలో, ఒకే సభలో నడవడం మనకు కొత్త కాదు.

శాస్త్రం సంగతి అలా ఉంచి, ఇంట్లో మాట్లాడుకునే తెలుగును చూద్దాం. మనం పుస్తకాల్ని లెక్కపెట్టినట్టు మనుషుల్ని లెక్కపెట్టం. పుస్తకాలు రెండు, మనుషులు ఇద్దరు. ముగ్గురు, నలుగురు, ఐదుగురు. అంకె పలికేసరికే లెక్కిస్తున్నది మనిషినో వస్తువునో తెలిసిపోయే భాష ఇది. ఇవాళ బడిపిల్లలు ‘రెండు మంది’, ‘మూడు మంది’ అంటున్నారు. వాళ్ళను తప్పుపట్టను. ఎక్కాలు ఇంగ్లీషులో, ఫోన్ నంబరు ఇంగ్లీషులో, చివరికి కూరగాయల బండి దగ్గర ధర కూడా ఇంగ్లీషులో వింటూ పెరుగుతున్న పిల్లలకు ‘ఏడుగురు’ అన్న మాట ఎక్కడ తగులుతుంది? ‘డెబ్భై ఎనిమిది’ అంటే సెవెంటీ ఎయిటా, ఎయిటీ సెవెనా అని అడిగే కాలేజీ విద్యార్థులు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఇరవై దాటాక తెలుగు సంఖ్యలంత తిన్నగా నడిచేవి తక్కువ. పదుల మాట, తరవాత ఒకట్ల మాట, అంతే. హిందీ నేర్చుకునేవాళ్ళు నూరు దాకా దాదాపు ప్రతి సంఖ్యనూ విడిగా బట్టీపట్టాలి. మన పిల్లలకు ఆ కష్టం లేదు. ఉన్న సులువునే చేజార్చుకుంటున్నాం.

భిన్నాలకూ మనకు ఒక సొంత రాత ఉండేది. పావుకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముప్పావుకు మూడు. పావులో పావు వీసం, అంటే పదహారో వంతు, దానికి ఒక అడ్డగీత. నాలుగేసి భాగాలుగా దిగుతూ పోయే ఈ పద్ధతిలో కరణాలు, వర్తకులు లెక్కలు రాసుకున్నారు. ఆ గుర్తులు 2008లో యూనికోడ్ 5.1లోకి చేరాయి. ప్రపంచ ప్రమాణంలో చోటు దొరికింది, మన పాఠ్యపుస్తకాల్లో దొరకలేదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి అణాలు పోయాయి. అయినా ‘పదహారణాల తెలుగుదనం’ అంటే ఏమిటో ఇప్పటికీ ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. నూట పదహార్లు చదివించే ఆచారమూ నిలిచే ఉంది. ఏడు హాలీ సిక్కాలు, అంటే నిజాం రూపాయలు, ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానం కాబట్టి వంద బ్రిటిష్ రూపాయలకు నూట పదహారు చిల్లర నిజాం రూపాయలయ్యేవని, ఆచారం అలా పుట్టిందని ఒక కథ చెబుతారు. లెక్క కుదురుతుంది. నిజాం రాజ్యం బయట కూడా ఇంత గాఢంగా పాతుకున్న ఆచారానికి అదొక్కటే మూలమంటే నేను ఒప్పుకోలేను. నూరు దగ్గర ఆగకుండా మరికాస్త చేర్చి ఇవ్వడం అంతకంటే పాత మర్యాద అనిపిస్తుంది.

అంకెల మీద తెలుగువాళ్ళకు మోజు తగ్గలేదు. బండికి 9999 కావాలని వేలంలో లక్షలు పోస్తారు. సినిమాకు ‘ఆదిత్య 369’ అని పేరు పెడితే ముప్పై ఏళ్ళు దాటినా మరచిపోరు. ౧, ౨, ౩ మాత్రం పంచాంగాల్లో, పాత పుస్తకాల పుటల మీద తప్ప కనిపించవు. మరాఠీ పత్రికల్లో తేదీలు, ధరలు, క్రికెట్ స్కోర్లు నేటికీ నాగరి అంకెల్లో అచ్చవుతున్నాయి. రాజ్యాంగం 343వ అధికరణం అంతర్జాతీయ రూపంలోని అంకెల్ని కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలకే చెప్పింది. తెలుగు పత్రికను తెలుగు అంకెలు వాడొద్దని ఎవరూ అనలేదు.

గుణశ్రేఢి పాఠం చెప్పే రోజున తెలుగు మాస్టారు, లెక్కల మాస్టారు ఒకే తరగతిలో నిలబడి మల్లన పద్యాన్ని విప్పి చూపాలి. ఒకరు యతిప్రాసలు చెబితే మరొకరు అరవై నాలుగు గళ్ళ మొత్తం రాబట్టాలి. ఒక్క పీరియడ్ చాలు. విశ్వవిద్యాలయాల తెలుగు, గణిత శాఖలు కలిసి మల్లన గ్రంథానికి ప్రతి లెక్కా సాధించి చూపే సంపూర్ణ ప్రతి ఒకటి తేవాలి. అంతవరకు ఈ పత్రిక చేయగలిగింది ఈ పత్రిక చేస్తుంది. వచ్చే సంచిక నుంచి పుటసంఖ్యలు తెలుగు అంకెల్లో వేస్తాం. ప్రతి సంచికలో మల్లన లెక్క ఒకటి తాత్పర్యంతో, సాధనతో ప్రచురిస్తాం. సాధన రాయడానికి గణిత ఉపాధ్యాయుల్ని, పాఠం సరిచూడటానికి ఛందస్సు తెలిసిన పెద్దల్ని ఆహ్వానిస్తున్నాం. మొదటి లెక్క చదరంగం గళ్ళదే.