పసిబిడ్డల ఆసుపత్రిని నడుపువా డెవరు?

మన కుటుంబములలో తెలివిగల పిల్లవాడు కనబడినచో వానిని డాక్టరును చేయవలెనని తలపోయుదుము. అది మంచి కోరికయే. కాని వానికి ఆసుపత్రి ఆఫీసు నడుపు ఉద్యోగము దొరికినదన్నచో "గుమాస్తా పని" అని పెదవి విరుతుము. పెండ్లి సంబంధములు చూచునప్పుడు సైతము ఆ ఉద్యోగమునకు విలువ తక్కువ. ఈ చిన్నచూపు మన ఇండ్లకే పరిమితము కాదు, ప్రభుత్వమునందును కలదు. దాని ఫలితమును అనుభవించుచున్నవారు పసిబిడ్డలు.

మన విదర్భలోనే భండారా జిల్లా ఆసుపత్రిలో 2021 జనవరి 9వ తేదీన, తెల్లవారక మునుపే, నవజాతశిశువుల విభాగమున నిప్పంటుకొనెను. లోపల 17 మంది శిశువులుండగా 7గురిని మాత్రమే బయటికి తేగలిగిరి. 10 మంది మరణించిరి. ముగ్గురు కాలిన గాయములతోను, ఏడుగురు పొగకు ఊపిరాడకను పోయిరి. వారిని చంపినది రోగము కాదు, వైద్యుని తెలియమి కాదు. విద్యుత్తు పరికరములను వేళకు పరీక్ష చేయించుట, నిప్పు నార్పు సాధనములను సిద్ధముగా నుంచుట, రాత్రివేళ ఆ గదిలో ఎవరుండవలెనో నిర్ణయించి వారున్నారో లేదో చూచుట, ఇవి నిర్వాహకుని పనులు. పిమ్మట సివిల్ సర్జనును సస్పెండు చేసిరి, నర్సులపైనను చర్య తీసుకొనిరి. తప్పున్నచోట శిక్ష పడవలసినదే. అయితే ఈ పనులే తన పనిగా చూచుకొను మనిషి నొకనిని ముందుగా నియమించితిరా అని మనము ప్రభుత్వము నడుగవలదా?

గోరఖ్‌పూరు వైద్యకళాశాల ఆసుపత్రిలో 2017 ఆగస్టులో ఆక్సిజను సరఫరాదారునకు బాకీలు పేరుకొని సరఫరాకు అంతరాయము కలిగెను. ఆ దినములలోనే అనేకమంది పిల్లలు మరణించిరి. ఆ మరణములకు ఆక్సిజను కొరత కారణము కాదని ప్రభుత్వము వాదించెను. ఆ వాదము నట్లుంచుడు. పిల్లలు ఊపిరికై పోరాడుచోట ఆక్సిజను బిల్లు బాకీ పడనిచ్చుటయే తప్పు కాదా? ఆ బిల్లు రోగిని చూచు డాక్టరు బల్లపై నుండదు, ఆఫీసు బల్లపై నుండును.

తరతరములుగా తెలుగువారు కాపురమున్న నాందేడు సంగతి చూడుడు. 2023 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట అచటి ప్రభుత్వాసుపత్రిలో 24 గంటలలో 24 మంది చనిపోయిరి. వారిలో 12 మంది అప్పుడప్పుడే పుట్టిన శిశువులు. అంతట పార్లమెంటు సభ్యు డొకడు వచ్చి డీను చేత మరుగుదొడ్డి కడిగించెను! డీను కడిగిన మరుగుదొడ్డి మరునాటికి మరల మురికి యగును. పారిశుద్ధ్యపు కాంట్రాక్టు ఎవరికిచ్చిరి, నేడు ఎందరు పనివారు వచ్చిరి, వారికి జీతము ముట్టినదా అని దినదినము విచారించువాడు లేనిదే ఏ ఆసుపత్రియు శుభ్రపడదు. డాక్టరును అవమానించుట పరిపాలన కాదు.

"పెద్ద డాక్టరున్నాడు గదా, ఆయనయే చూచుకొనును" అందురు కొందరు. ఎం.బి.బి.ఎస్. ముగించి, మరి మూడేండ్లు చదివినగాని పిల్లల వైద్యనిపుణుడు తయారుకాడు. అట్టివానిని టెండరు కాగితముల ముందు కూర్చుండబెట్టినచో వార్డులో ఒక డాక్టరు తగ్గును. ఆఫీసులో మాత్రము సగము నిర్వాహకుడే పెరుగును. "నిర్వాహకుడన్న డబ్బు గుంజువాడు, ప్రైవేటు ఆసుపత్రుల వేషము" అందురు మరికొందరు. ఆ నింద కొన్నిచోట్ల నిజమే. అందువలననే సర్కారు ఆసుపత్రికి మంచి నిర్వాహకుడు మరింత అవసరము. ముంబయిలోని టాటా సామాజికశాస్త్ర సంస్థయు, హైదరాబాదులోని నిమ్స్ సంస్థయు ఈ విద్యను నేర్పుచునే యున్నవి.

పెద్దల ఆసుపత్రి నడిపినట్లు పిల్లల ఆసుపత్రిని నడుపుటకు వీలులేదు. పిల్లవానికి మందు బరువునుబట్టి ఇయ్యవలెను. ప్రతి వార్డులో సరియైన తూకపు యంత్ర ముండవలెను. సూదులు, గొట్టములు, ఆక్సిజను ముసుగులు చిన్న కొలతలవి కావలెను. పెద్దవి కొట్టునిండ నున్నను ప్రయోజనము లేదు. బిడ్డ ఒంటరిగా రాడు, తల్లితో వచ్చును. కాన్పై పదిదినములైనను కాని ఆ తల్లికి మంచమును, తిండియు, స్నానమునకు చాటును కావలెను. 2011 నుండి జననీ శిశు సురక్షా కార్యక్రమము కింద జబ్బుపడిన పసికందునకు సర్కారు ఆసుపత్రిలో మందులు, పరీక్షలు, నెత్తురు, వచ్చుటకును పోవుటకును వాహనము ఉచితము. ఈ సంగతి ఎందరు తల్లులకు తెలియును? వారికి తెలియజెప్పవలసినవా డెవడు?

ఇక భాష. సిరొంచ నుండి సుమారు 200 కిలోమీటర్లు, రాజురా నుండి వార్ధా నది దాటి, బిడ్డలను ఎత్తుకొని చంద్రపురము వచ్చు తల్లులలో తెలుగు తప్ప మరొక మాట సరిగా రానివా రెందరో కలరు. "వీడు పక్కలెగురవేయుచున్నాడు", "పాలు కుడుచుట లేదు", "కండ్లు తేలవేసినాడు" అని ఆ తల్లి చెప్పును. తెలుగు తెలిసిన నర్సు ఆ మాటలు విన్న తోడనే లేచి పరుగెత్తును. తెలియనివారు ఆమెను వరుసలో నిలువుమందురు. మరాఠీ నేర్చుకొనరాదా అనువారికి మా జవాబిది: మేము మరాఠీ నేర్చితిమి, మా పిల్లలు మరాఠీలో చదివిరి, ఆ భాషపై మాకు గౌరవమే గాని పేచీ లేదు. కాని అర్ధరాత్రి బిడ్డకు ఫిట్స్ వచ్చినప్పుడు తల్లి నోట వచ్చునది ఆమె తల్లి నేర్పిన మాటయే. గోండీ, మాడియా మాట్లాడు తల్లుల గతియు ఇట్టిదే. మనము కోరునది మనకొక్కరికే గాదు, వారికిని కావలెను.

సక్రమమైన ఏర్పాటు ఏమి సాధింపగలదో చూచుటకు దూరము పోనక్కరలేదు. గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 39 పల్లెలలో గ్రామస్త్రీలకు తరిఫీదు నిచ్చి, ప్రతి శిశువు ఇంటికి వారిని పంపి, ప్రతి జననమును, మరణమును లెక్క వ్రాయించిరి. నవజాత మరణములు సగమునకు మించి తగ్గినవని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. అచట పెద్ద భవనము లేదు. ఎవరు, ఎన్నడు, ఎవరి ఇంటికి పోవలెనను క్రమము కలదు, పోయిరో లేదో చూచు కన్ను కలదు.

కావున మన సంఘము మూడు కోర్కెలతో ప్రభుత్వమును కదిలింపవలెను. మొదటిది, జిల్లాలో శిశువుల విభాగమున్న ప్రతి పెద్ద సర్కారు ఆసుపత్రిలో తరిఫీదు పొందిన నిర్వాహకుని ఆ విభాగమునకు ప్రత్యేకముగా నియమించి, అధికారమును, బాధ్యతను రెంటిని అప్పగింపవలెను. రెండవది, పగలును రాత్రియు తెలుగు, గోండీ తెలిసిన సహాయకు లుండవలెను. మూడవది, రుగ్ణ కల్యాణ సమితిలో ఈ భాషలవారికి చోటుండి, నిప్పు తనిఖీ, ఆక్సిజను బాకీల లెక్క ప్రతి సమావేశమున చదువబడవలెను. రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను విన్నపము చేసికొను హక్కు రాజ్యాంగము 350వ అధికరణము మనకిచ్చినది. ఆ హక్కును బీరువాలో పెట్టి, మనకు తెలిసిన డాక్టరుగారి సిఫారసుతో మన బిడ్డ కొక పడక సంపాదించుకొని తృప్తిపడుట మనకు అలవాటైనది. సిఫారసు లేనివాని బిడ్డ మాట ఏమి?

సోదర సోదరీమణులారా! మీ ఇంట చదువుకొను పిల్లలలో ఒక్కరినైనను ఈ పనికి పంపుడు. పేరు రాదు, సన్మానములు జరుగవు. కాని ఏ రాత్రి ఏ నిప్పును రేగక, ఆక్సిజను ఆగక, పదిమంది పసివాండ్రు తెల్లవారి కండ్లు తెరచినచో, అందు వారి చేయి ఉండును. అట్టి పిల్లకు, పిల్లవానికి సంబంధము వెదకునప్పుడు "గుమాస్తా" అని తలవంచుకొనకుడు, తల ఎత్తి చెప్పుడు.